ఐదు లక్షల కెమెరా ఎవరికి కావాలి? నల్గొండ, పాలమూరు స్టూడియోల కోసం ఒక లెక్క

పెండ్లిళ్లు తీసే ఫొటోగ్రాఫర్‌కు రెండున్నర లక్షల వరకు బాడీ (లెన్స్ లేని కెమెరా) మీద పెట్టే ప్రతి రూపాయికీ పనిలో తేడా కనిపిస్తుంది. ఆ పైన పెట్టే డబ్బు చాలావరకు వేగం కోసం పోతుంది, ఫొటో నాణ్యత కోసం కాదు. ఆ వేగం మీ పనికి అవసరమైతే ఐదు లక్షలు దండుగ కాదు. అవసరం లేకపోతే అదే డబ్బు లెన్స్‌లో, లైటులో, రెండో బాడీలో పెడితే ఆల్బమ్ మారిపోతుంది. ఏది అవసరమో తేల్చుకోవడానికి మీ చేతి నుంచి కస్టమర్ చేతికి చివరికి వెళ్లేది ఏమిటో ముందు చూడాలి.

పాస్‌పోర్ట్ ఫొటోతో మొదలుపెడదాం. 35×45 మిల్లీమీటర్ల ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ తీస్తే కావలసింది 413×531 పిక్సెళ్లు. అంటే మెగాపిక్సెల్‌లో నాలుగో వంతు కూడా కాదు. స్టూడియోలో దీనికోసం కానన్ 1500డీ లాంటి పాత డీఎస్‌ఎల్‌ఆర్ చాలు. ఆ ఫొటో బాగుండేది, బాగుండనిది రెండు సాఫ్ట్‌బాక్సుల్ని ఎక్కడ పెట్టారన్న దాన్నిబట్టి, వెనక తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద నీడ పడిందా లేదా అన్న దాన్నిబట్టి. మనిషిని బ్యాక్‌గ్రౌండ్‌కు కనీసం మూడు, నాలుగు అడుగుల ముందు కూర్చోబెడితే ఆ నీడ చాలావరకు పోతుంది.

పెండ్లి ఆల్బమ్ లెక్క వేరు. మన దగ్గర ఎక్కువగా నడిచేది 12×36 అంగుళాల షీటు, అంటే పక్కపక్కన రెండు 12×18 పేజీలు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చే ఫొటో 6000×4000. దాన్ని 12×18 పేజీ నిండా వేస్తే అంగుళానికి 333 పిక్సెళ్లు వస్తాయి. ల్యాబులు అడిగే 300 కన్నా ఇది ఎక్కువే. ఒకే ఫొటోను 36 అంగుళాల షీటంతా పరిచినప్పుడు మాత్రం 167కు పడిపోతుంది. 45 మెగాపిక్సెళ్ల నికాన్‌తో అదే షీటు మీద 229 వస్తుంది. దగ్గర పెట్టుకుని చూస్తే పట్టుచీర అంచు దగ్గర తేడా తెలుస్తుంది, కాని ఒక ఆల్బమ్‌లో అలాంటి షీట్లు రెండో మూడో ఉంటాయి. ఫ్లెక్సీ గురించి అయితే ఆలోచించే పనే లేదు. ఎనిమిది అడుగుల వెడల్పు ఫ్లెక్సీ మీద 24 మెగాపిక్సెళ్ల ఫొటోకు అంగుళానికి 62 పిక్సెళ్లు దక్కుతాయి, రోడ్డు మీద నుంచి చూసే కంటికి అది ఎక్కువే.

మెగాపిక్సెళ్లు పెరిగితే వెనకాల ఇంకో ఖర్చు కూడా పెరుగుతుంది. 45 మెగాపిక్సెళ్ల రా ఫైలు (సెన్సార్ పట్టినదంతా ఉండే అసలు ఫైలు) దాదాపు 50 ఎంబీ. ఒక పెండ్లికి మూడు వేల క్లిక్కులు కొడితే 150 జీబీ. రెండు కాపీలు ఉంచుకుంటే ముప్పై పెండ్లిళ్లకు 9 టీబీ హార్డ్‌డిస్కులు కావాలి. 24 మెగాపిక్సెళ్లతో ఇది సగానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పాత కంప్యూటర్ మీద ఎడిటింగ్ చేసేవారికి ఈ బరువు మొదటి లగ్గంలోనే తెలిసిపోతుంది.

చీకట్లో ఏది గెలుస్తుంది

ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) కెమెరా తీసుకుంటే చీకట్లో నాయిస్ (ఫొటో మీద గరుకు మచ్చలు) రాదని అందరూ చెప్పే మాట. నిజమే, కాని ఎంత? ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ వైశాల్యం క్రాప్ సెన్సార్ కన్నా దాదాపు రెండున్నర రెట్లు. అంటే అదే ఎపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుందన్నది), అదే షట్టర్ వేగం దగ్గర రెండున్నర రెట్ల వెలుతురు పోగవుతుంది. ఇప్పుడు లెన్స్ వైపు చూడండి. కెమెరాతో డబ్బాలో వచ్చే 18-55 లెన్స్ 55 దగ్గర ఎఫ్ 5.6 మాత్రమే తెరుచుకుంటుంది (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది). 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ దానికన్నా దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి వదులుతుంది. డబ్బా లెన్స్‌తో ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలన్న అంకె, పెరిగితే నాయిస్ పెరుగుతుంది) 16,000 పెట్టాల్సిన చోట ఈ లెన్స్‌తో 1,600 చాలు. కానన్ 50 ఎంఎం 1.8 ఎస్‌టీఎం దాదాపు పదివేలకు దొరుకుతుంది. క్రాప్ నుంచి ఫుల్‌ఫ్రేమ్‌కు మారడానికి అయ్యే ఖర్చు లక్ష పైమాటే.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో రాతి స్తంభాల మధ్య ప్రీ-వెడ్డింగ్ తీసినా, సద్దుల బతుకమ్మనాడు వీధిలైటు కింద తిరుగుతున్న ఆడవాళ్లను తీసినా ఇదే లెక్క. బతుకమ్మ ఆటలో చేతులు, పాదాలు రెండూ కదులుతుంటాయి కాబట్టి షట్టర్ 1/125 కన్నా కిందికి దింపితే మసక వస్తుంది. ఎఫ్ 1.8, 1/125, ఐఎస్ఓ 6400 దగ్గర మొదలుపెట్టి చూడండి. డబ్బా లెన్స్‌తో ఆ ఫొటో ఐదు లక్షల బాడీ మీద కూడా సరిగా రాదు.

ఎఫ్ 1.8కు ఒక ఇబ్బంది ఉంది. క్రాప్ బాడీ మీద 50 ఎంఎంతో రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు 11, 12 సెంటీమీటర్లే. వధువు కళ్లు స్పష్టంగా ఉండి, కొంచెం వెనక్కి కూర్చున్న వరుడి ముఖం మెత్తబడేది అందుకే. కెమెరాను తిట్టుకోకుండా ఇద్దరినీ తీసేటప్పుడు ఎఫ్ 2.8 నుంచి 4కు, స్టేజీ మీద గ్రూపులకు 5.6కు మూసి ఫ్లాష్ వాడండి. అందుకే బాడీ మార్చేముందు ఎఫ్ 1.8 లాంటి ఒక ఫాస్ట్ లెన్స్, ఆ తర్వాత రెండు ఫ్లాషులు, వాటిని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్ కొనమనేది.

ఇంకొకటి. చవక ఎల్‌ఈడీ లైట్ల కింద ముఖాలు పచ్చగానో ఊదాగానో కనిపిస్తే ఖరీదైన కెమెరా దాన్ని సరిచేయలేదు. ఆ లైటులో కొన్ని రంగులే ఉండవు. పసుపు, ఎర్ర పట్టుచీర ఫోకస్ లైటు కింద ముద్దగా అయిపోవడం కూడా అలాంటిదే. మామూలు హిస్టోగ్రామ్ (వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫ్) బాగానే కనిపిస్తుంది, కాని ఎరుపు ఛానల్ అప్పటికే కుడి గోడకు కొట్టుకుని ఉంటుంది. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఆన్ చేసి, ఎరుపు కొనకు తగలకుండా ఎక్స్‌పోజర్ అరస్టాప్ తగ్గించండి.

రెండున్నర లక్షల లోపు ఏం చూడాలి

ఇక్కడ నిజంగా తప్పనిసరి అనదగ్గది రెండు కార్డు స్లాట్లు. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం. రెండు స్లాట్లలో ఒకేసారి రాసుకునేలా పెడితే ఒక కార్డు చెడినా పెండ్లి పోదు. సోనీ ఏ7 మార్క్ 3, మార్క్ 4, కానన్ ఆర్6, ఆర్6 మార్క్ 2, నికాన్ జడ్6 మార్క్ 2, జడ్6 మార్క్ 3 అన్నిటికీ రెండున్నాయి. తక్కువ ధరలో నికాన్ జడ్5కు కూడా రెండు ఎస్‌డీ స్లాట్లు ఉండటం దాని గొప్ప గుణం. కానన్ ఆర్, ఆర్‌పీ, ఆర్8, సోనీ ఏ7సీ, నికాన్ మొదటి జడ్6లకు ఒక్కటే. ఆర్8లో ఉన్నది ఆర్6 మార్క్ 2 సెన్సారే కాబట్టి ఫొటో అదే వస్తుంది, కాని బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) లేదు, బ్యాటరీ చిన్నది. రెండో కెమెరాగా చక్కగా పనికొస్తుంది, ముహూర్తం దాని ఒక్కదాని మీద వేయొద్దు.

రెండోది కన్ను పట్టే ఫోకస్. తలంబ్రాల దగ్గర దీని విలువ తెలుస్తుంది. పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఫోకస్ ముందుకొచ్చి పడుతున్న బియ్యం మీదికి జారిపోతుంది. పైన చెప్పిన మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లో కొత్తవి చాలాసార్లు కంటిని వదలవు. గింజలు గాల్లో ఆగినట్టు రావాలంటే 1/500, ఎఫ్ 2.8 పెట్టి, హాల్లో లైటును బట్టి ఐఎస్ఓ 3200 నుంచి 6400 మధ్య ఉంచండి. ఈ పనికి ఆర్6 మార్క్ 2 చాలు. కానన్ పెద్ద బాడీ ఆర్1 అక్కర్లేదు.

వీడియో కూడా మీరే చేస్తుంటే మూడు విషయాలు అడగండి. ఏ7 మార్క్ 3, మొదటి ఆర్6 సుమారు అరగంటకు రికార్డింగ్ ఆపేస్తాయి. ఏ7 మార్క్ 4కు ఆ హద్దు లేదు, ఆర్6 మార్క్ 2 ఆరు గంటల దాకా తీస్తుంది. ఏ7 మార్క్ 3 వీడియో 8 బిట్, ఏ7 మార్క్ 4 వీడియో 10 బిట్. ఒక్కో రంగుకు 256 మెట్లకు బదులు 1,024 మెట్లు వస్తాయి కాబట్టి స్టేజీ వెనక లైటు మెల్లగా మారే చోట చారలు పడవు. మూడోది హెచ్‌డీఎంఐ పోర్టు. హాల్లో ఎల్‌ఈడీ స్క్రీన్‌కు ఐదారు గంటలు కేబుల్ తగిలించి తిరిగేవారికి మైక్రో హెచ్‌డీఎంఐ ఎంత నాజూకో తెలుసు. ఎవరి కాలో కేబుల్‌కు తగిలితే పోర్టు ఊడుతుంది. ఏ7 మార్క్ 3, ఆర్6 మార్క్ 2లకు మైక్రోనే. ఏ7 మార్క్ 4, జడ్6 మార్క్ 3లకు పెద్ద పోర్టు ఉంది. మైక్రో ఉన్న కెమెరాకు కేజ్ (బాడీ చుట్టూ బిగించే చట్రం), కేబుల్ క్లాంప్ తప్పకుండా బిగించండి.

బ్రాండు ఎంచుకునేటప్పుడు లెన్స్‌ల ధర కలిపి చూడాలి. సోనీకి టామ్రాన్, సిగ్మా లెన్స్‌లు విరివిగా దొరుకుతాయి. టామ్రాన్ 28-75 ఎఫ్ 2.8తో ఒక పెండ్లి మొత్తం లాగించవచ్చు. కానన్ ఆర్‌ఎఫ్‌కు ఫుల్‌ఫ్రేమ్‌లో బయటి కంపెనీల ఆటోఫోకస్ లెన్స్‌లు దొరకడం కష్టం, కాని మీ దగ్గర పాత ఈఎఫ్ లెన్స్‌లుంటే అడాప్టర్‌తో చక్కగా పనిచేస్తాయి. మీ ఊళ్లో సీజన్‌లో మీతో కలిసి పనిచేసేవాళ్లు ఏది వాడుతున్నారో కూడా చూసుకోండి. మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో లెన్స్ మొరాయిస్తే ఆ పూటకు తెచ్చుకోగలిగేది పక్క స్టూడియో నుంచే, హైదరాబాద్ దూరం. పైగా క్యాండిడ్ తీసేవారిది ఒక బ్రాండు, ట్రెడిషనల్ తీసేవారిది ఇంకో బ్రాండు అయితే ఎడిటింగ్‌లో ముఖాల రంగు కలపడం పెద్ద చాకిరీ.

ఐదు లక్షల బాడీ ఇచ్చేది ఏమిటి

సోనీ ఏ1, నికాన్ జడ్9, కానన్ ఆర్3, ఆర్1 అన్నిటిలో ఉన్నది స్టాక్డ్ సెన్సార్. మామూలు సెన్సార్ ఎలక్ట్రానిక్ షట్టర్‌లో పై వరుస నుంచి కింది వరుస దాకా చదవడానికి చాలా మోడళ్లలో సెకనులో 15వ వంతు నుంచి 60వ వంతు దాకా తీసుకుంటుంది. స్టాక్డ్ సెన్సార్ ఆ పని దాదాపు 200వ వంతులో లేదా అంతకన్నా వేగంగా ముగిస్తుంది. ఫలితంగా చప్పుడు లేకుండా తీసినా కదిలే వస్తువు దాదాపు వంగదు, లైటు చారలు బాగా తగ్గుతాయి. మన కరెంటు 50 హెర్ట్‌జ్, దానిమీద వెలిగే లైట్లు చాలావరకు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. అందుకే మామూలు బాడీతో సైలెంట్ షట్టర్ పెట్టి 1/250లో తీస్తే ముఖం మీద అడ్డచారలు పడతాయి. మందు సులువు: మెకానికల్ షట్టర్‌కు మారి 1/100 లేదా 1/50 పెట్టండి. స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ ఇంకా వేగంగా మినుకుతుంది కాబట్టి దానికి హై ఫ్రీక్వెన్సీ యాంటీ-ఫ్లికర్ కావాలి. కానన్ ఆర్3లో ఉన్న ఆ సదుపాయం తర్వాత ఆర్6 మార్క్ 2లోనూ ఉంది. పెద్ద బాడీల్లోని మంచి గుణాలు ఇలా రెండు, మూడేళ్లకు కిందికి దిగుతుంటాయి. పెండ్లి పనికి ఆగడం నష్టం కాదు.

సోనీ ఏ9 మార్క్ 3 ఇంకో అడుగు వేసింది. 2023లో ప్రకటించిన ఆ బాడీలో గ్లోబల్ షట్టర్ ఉంది, సెన్సారంతా ఒకేసారి చదువుతుంది. ఫ్లాష్ మామూలు బాడీల్లోలా షట్టర్ వేగం 1/200, 1/250 దగ్గర ఆగకుండా ఎంత వేగంలోనైనా పనిచేస్తుంది. మిట్టమధ్యాహ్నం సాగర్ డ్యామ్ ముందు ఆకాశం నల్లగా రావాలని ఫ్లాష్‌తో తీసేవారికి ఇది గొప్ప వరం. దీని కనీస ఐఎస్ఓ 250. నీడల్లో వివరం తీసే విషయంలో మామూలు సెన్సార్లకన్నా కొంచెం వెనకే. ధర ఎక్కువైనంత మాత్రాన ప్రతి విషయంలో ముందుండదు.

మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలో జంతువుల్ని, ఉదయసముద్రం మీద ఎగిరే పక్షుల్ని తీసేవారికి స్టాక్డ్ సెన్సార్ నిజంగా పనికొస్తుంది. అలాంటివారు కూడా ఒకటి గమనించాలి. జడ్9 మన దేశంలో 4,75,995 రూపాయలకు విడుదలైంది, 2023లో వచ్చిన జడ్8 3,43,995కు. రెండిటిలో సెన్సార్, ప్రాసెసర్ ఒకటే. జడ్9లో ఎక్కువగా ఉన్నవి పెద్ద బ్యాటరీ, కింది పట్టు, రెండు సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ (వేగమైన మెమరీ కార్డు) స్లాట్లు. ఆ లక్షా ముప్పై వేలతో 180-600 లెన్స్ ఖర్చులో చాలా భాగం వెళ్లిపోతుంది. పక్షుల ఫొటోకు ముందు కావలసింది ఆ లెన్సే.

షట్టర్ ఆయుష్షు విషయంలో మాత్రం పెద్ద బాడీల మాట కొట్టిపారేయలేం. కంపెనీ లెక్కన ఏ7 మార్క్ 3 షట్టర్ రెండు లక్షల క్లిక్కులు, ఆర్6 మూడు లక్షలు, ఆర్5 ఐదు లక్షలు. మూడు వేల క్లిక్కుల చొప్పున ఏడాదికి నలభై పెండ్లిళ్లు తీస్తే 1,20,000. నికాన్ డీ5600 లాంటి లక్ష క్లిక్కుల చిన్న బాడీ ఏడాదిలోనే ఆ హద్దు దాటుతుంది. జడ్8, జడ్9లలో మెకానికల్ షట్టరే లేదు, అరిగేది ఉండదు.

ఎండాకాలం పెండ్లిళ్లకు ఇంకో పరీక్ష ఉంది. ఆర్5లో 8కే వీడియో 23 డిగ్రీల వాతావరణంలో సుమారు 20 నిమిషాలు నడుస్తుందని కానన్ స్వయంగా ప్రకటించింది. మే నెలలో నల్గొండ ఎండ 44 దాటిన రోజు షామియానా కింద ఎంతసేపు నడుస్తుందో ఊహించుకోవచ్చు. మన పెండ్లికి సెకనుకు 25 ఫ్రేముల 4కే చాలు. సోనీలో ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్‌ను హై చేయండి, స్క్రీన్‌ను బాడీ నుంచి తెరిచి ఉంచండి, రికార్డింగ్ లేనప్పుడు తడి గుడ్డ కాకుండా తెల్ల పొడి గుడ్డ కప్పండి. పూర్తిగా వీడియో పనే చేసేవారు ఫ్యాన్ ఉన్న సోనీ ఎఫ్‌ఎక్స్3 లాంటిది చూసుకోవడం మేలు.

బరాత్‌లో డీజే లేజర్ గురించి హెచ్చరిక: ఆ కిరణం నేరుగా లెన్స్‌లోకి పడితే సెన్సార్ మీద శాశ్వతంగా గీత పడవచ్చు. మిర్రర్‌లెస్‌లో సెన్సార్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి ప్రమాదం ఎక్కువ, వారంటీ దీన్ని కవర్ చేయదు. బండికి ఎదురుగా కాకుండా పక్క నుంచి తీయండి. ఐదు లక్షల బాడీని బరాత్‌కు తీసుకెళ్లకుండా ఆ గంటకు పాతదాన్ని వాడటం తెలివైన పని.

డబ్బు లెక్క

ఏడాదికి ముప్పై ఫంక్షన్లు, మూడేళ్ల తర్వాత సగం ధరకు అమ్మకం అనుకుందాం. ఐదు లక్షల బాడీకి ఒక్కో ఫంక్షన్ మీద దాదాపు 2,780 రూపాయలు పడుతుంది, 2.4 లక్షల బాడీకి 1,330. తేడా 1,450. ప్యాకేజీలో అంత ఎక్కువ అడిగి తెచ్చుకోగలిగితే భయపడాల్సిన పని లేదు. పది ఫంక్షన్లే చేసేవారికి తేడా 4,300 దాటుతుంది, అక్కడ కష్టం.

అసలు ఇబ్బంది ఈఎంఐ దగ్గర వస్తుంది. ఐదు లక్షలు 16 శాతం వడ్డీతో రెండేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 24,500. వడ్డీయే 87 వేలు దాటుతుంది. ఆషాఢం వచ్చినా, మూఢం పట్టినా బ్యాంకు ఆగదు. ముహూర్తాలు లేని నెలల ఈఎంఐలు చేతిలో ముందే ఉంటే తప్ప అప్పు మీద పెద్ద బాడీ కొనొద్దు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న స్టూడియో అయితే బిల్లు మీద తన నంబరు వేయించుకోవాలి. 2,42,490 రూపాయల బాడీలో పన్నే దాదాపు 37 వేలు, అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గింపుగా) తిరిగొస్తుంది. బిల్లు లేకుండా కొంత తక్కువకు ఇస్తామనే బయటి దేశం సరుకుకు ఇక్కడి వారంటీ ఉండదని గుర్తుంచుకోండి.

చేతిలో లక్షన్నర ఉంటే సెకండ్ హ్యాండ్ ఏ7 మార్క్ 3 లేదా జడ్5, ఒక 50 లేదా 85 ఎంఎం 1.8, రెండు ఫ్లాషులు. మూడున్నర లక్షలుంటే ఏ7 మార్క్ 4 లేదా ఆర్6 మార్క్ 2, ఒక ఎఫ్ 2.8 జూమ్, మిగిలింది లైట్లకు, కార్డులకు. ఆరు లక్షలున్నా పెండ్లి పనికి ఒక్క పెద్ద బాడీ కన్నా ఒకే రకం రెండు మధ్యస్థ బాడీలు, 70-200 ఎఫ్ 2.8 తీసుకోవడం మంచిది. నారాయణపేట, గద్వాల చీరల కేటలాగ్ తీసేవారికైతే ట్రైపాడ్ మీద 24 మెగాపిక్సెళ్లు చాలు. సన్న గళ్ల మీద అలల్లాంటి రంగులు కనిపిస్తే కెమెరాను కొంచెం ముందుకో వెనక్కో జరిపితే పోతాయి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు తెల్ల గోడను ఎఫ్ 16లో తీసి పెద్దది చేసి చూడండి. మచ్చలైతే శుభ్రం చేయించవచ్చు, సన్నని రంగు గీత ఉంటే అది లేజర్ దెబ్బ, వదిలేయండి. లెన్స్ క్యాప్ పెట్టి ఐఎస్ఓ 6400లో ఒకటి తీస్తే ఆ గీత ఇంకా బాగా బయటపడవచ్చు. రెండు స్లాట్లలోనూ కార్డులు పెట్టి పది ఫొటోలు రాయించండి. హాట్‌షూ (కెమెరా పైన ఫ్లాష్ తగిలించే చోటు) మీద ఫ్లాష్ పెట్టి కొంచెం కదుపుతూ వెలిగించండి. హెచ్‌డీఎంఐ, టైప్-సి పోర్టుల్లో కేబుల్ పెట్టి ఊపి చూడండి. కింది స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారని అర్థం. నికాన్ అయితే జేపెగ్ ఫైలులో దాగి ఉండే వివరాల్లో (ఎక్జిఫ్) షట్టర్ కౌంట్, అంటే ఎన్ని క్లిక్కులయ్యాయో దొరుకుతుంది. లెన్స్‌లో వెనక నుంచి టార్చి వేసి చూస్తే సాలెగూడు లాంటి ఫంగస్ తెలుస్తుంది. అది ఉన్న లెన్స్‌ను ఎంత తక్కువకిచ్చినా మీ బ్యాగులో మిగతావాటి పక్కన పెట్టొద్దు.

పెద్ద బాడీ మీద ఇంకా మనసుంటే హైదరాబాద్‌లో రెండు ముహూర్తాలకు అద్దెకు తెచ్చి, మీ పాత బాడీతో పాటు అదే లెన్స్ రకంతో, అదే హాల్లో తీయండి. రెండిటి ఫొటోలూ ఒకే ఆల్బమ్ సైజులో ల్యాబులో ప్రింట్ వేయించి, ఏది ఏ కెమెరాదో చెప్పకుండా కస్టమర్ ముందు పెట్టండి. తేడా వాళ్లకు కనిపించి, అందుకు ఎక్కువ ఇవ్వడానికి ఒప్పుకుంటే కొనండి.